‘లేఆఫ్’ అని రాస్తే పోర్చుగీసు పాఠకులకు తాత్కాలికం అని ఎందుకు అర్థమవుతోంది?

మూడుభాషల_ముడి
ఒక సంస్థ ప్రకటనను ఇంగ్లీషు నుంచి పోర్చుగీసులోకి మార్చాలి. రెండు ఫైళ్ళు, ఒకటి బ్రెజిల్‌కు, ఇంకోటి పోర్చుగల్‌కు. మూలంలో ఉన్నది ఇంతే: "ద కంపెనీ విల్ లే ఆఫ్ 120 ఎంప్లాయీస్. అఫెక్టెడ్ ఎంప్లాయీస్ విల్ రిసీవ్ నోటీస్ అండ్ సెవరెన్స్." అంటే 120 మందిని తీసేస్తారు, వాళ్ళకు నోటీసు, ఉద్యోగం పోయినందుకు ఇచ్చే సొమ్ము (సెవరెన్స్) అందుతాయి. అక్కడి పత్రికల్లోనూ "లే-ఆఫ్" అనే మాట కనిపిస్తుంది కదా అని రెండు ఫైళ్ళలోనూ అదే ఉంచేశాను. "వీళ్ళు మళ్ళీ ఎప్పుడు పనిలోకి వస్తారు?" అన్న ఒక్క ప్రశ్నతో రెండూ తిరిగొచ్చాయి. నిఘంటువులో దెమిసావ్, దెస్పెదిమెంతు, రెసిజావ్, దెస్లిగమెంతు అని నాలుగు మాటలు వరసగా పేర్చి ఉన్నాయి, తేడా మాత్రం చెప్పలేదు. ఏది ఎక్కడ వాడాలి?

తేజో_తీరం
ఆ ప్రశ్న న్యాయమైనదే. పోర్చుగల్‌లో లే-ఆఫ్ అంటే ఉద్యోగం పోవడం కాదు. సంస్థ ఇబ్బందుల్లో ఉన్నప్పుడు పని గంటలు తగ్గించడమో, ఒప్పందాన్ని కొంతకాలం నిలిపి ఉంచడమో. ఆ కాలంలో ఉద్యోగికి మామూలు స్థూల జీతంలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా అందుతుంది. ఒప్పందం నిలిపేసినప్పుడు ఇచ్చే పరిహారంలో 70 శాతం సామాజిక భద్రతా సంస్థ, 30 శాతం యజమాని భరిస్తారు. గడువు తీరాక ఉద్యోగి తన కుర్చీలోకి తాను వస్తాడు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు "లే-ఆఫ్ సింప్లిఫికాదు" అని తేలిక పద్ధతి ఒకటి పెట్టారు. అప్పటి నుంచి దేశంలో అందరికీ ఈ మాట ఈ అర్థంలోనే తెలుసు. అందుకే మీ వాక్యం చదివినవాళ్ళకు "120 మందిని కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నారు" అని వినపడింది.

పౌలిస్తా_పదం
బ్రెజిల్‌లోనూ అంతే. కార్మిక చట్టాల సంకలనం, అదే సీఎల్‌టీ, అందులో 476-ఎ అధికరణం. 2 నుంచి 5 నెలలు ఒప్పందం ఆపి ఉద్యోగిని శిక్షణకు పంపుతారు. దానికి కార్మిక సంఘంతో ఒడంబడిక కావాలి, ఉద్యోగి లిఖితంగా ఒప్పుకోవాలి. ఆపిన కాలంలోగానీ, తిరిగొచ్చిన 3 నెలల్లోగానీ తీసేస్తే మామూలు బకాయిలకు తోడు కనీసం ఒక నెల జీతమంత జరిమానా పడుతుంది. ముఖ్యంగా కార్ల కర్మాగారాల వార్తల్లో వినపడే లే-ఆఫ్ ఇదే.

గళ్ళనుడి
అంటే ఇంగ్లీషు మాటనే పట్టుకెళ్ళి పోర్చుగీసువాళ్ళు అర్థం మార్చేశారన్నమాట.

నోటీసు_పీరియడ్
తిరగేసి చూడండి గళ్ళనుడి గారు. అర్థం మార్చింది ఇంగ్లీషే. లే ఆఫ్ అంటే మొదట పని లేని కాలంలో పక్కన పెట్టి, పని రాగానే పిలవడం. అమెరికా కర్మాగారాల్లో సంఘాల ఒప్పందాలకు ఇప్పటికీ "రీకాల్ రైట్స్" ఉంటాయి, తిరిగి పిలిపించుకునే హక్కు. మూకుమ్మడి తొలగింపుకు ముందుగా నోటీసు ఇవ్వాలనే 1988 నాటి వార్న్ చట్టం చూడండి, "6 నెలలు దాటిన లేఆఫ్"ను ఉద్యోగ నష్టంగా లెక్కిస్తుంది. 6 నెలల లోపు తిరిగి పిలిచే లేఆఫ్ ఉంటేనే కదా ఆ గీత గీయాల్సి వచ్చింది. బ్రిటన్‌లో 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టంలోనూ లే-ఆఫ్ తాత్కాలికమే. వరుసగా 4 వారాలు, లేదా 13 వారాల్లో 6 వారాలు అలా కూర్చోబెడితే ఉద్యోగి రిడండెన్సీ సొమ్ము, అంటే ఉద్యోగ స్థానం అక్కర్లేక తీసేసినప్పుడు ఇచ్చే పరిహారం, అడగొచ్చు. పోర్చుగీసువాళ్ళు పాత అర్థాన్ని భద్రంగా దాచుకున్నారు. శాశ్వతంగా పంపించేయడం అన్న అర్థం అమెరికా వ్యాపార వార్తల్లో స్థిరపడి, అక్కడి నుంచి మన పత్రికల్లోకీ వచ్చింది.

అచ్చుతప్పు
తెలుగు శీర్షికల్లో "భారీగా లేఆఫ్‌లు" అంటే ఊడినట్టే. కొన్నాళ్ళు ఆగి రమ్మన్నారని ఎవరూ అనుకోరు. ముడి గారికి ఆ అర్థమే ముందు తట్టింది.

మూడుభాషల_ముడి
సరే, లే-ఆఫ్ కొట్టేశాను. పోర్చుగల్‌కు దెస్పెదిమెంతు, బ్రెజిల్‌కు దెమిసావ్ అని పెడితే చాలా?

తేజో_తీరం
పోర్చుగల్‌కు దెస్పెదిమెంతు సరైనది, కానీ ఒంటరిగా వదలకండి. ఏ రకం అన్నది చట్టం అడుగుతుంది. మీ ఫైల్లో పోర్చుగల్ వాటా ఎంతమంది?

మూడుభాషల_ముడి
38. మిగతా 82 బ్రెజిల్.

తేజో_తీరం
అయితే "దెస్పెదిమెంతు కొలెతీవు", సామూహిక తొలగింపు. 3 నెలల వ్యవధిలో సూక్ష్మ, చిన్న సంస్థలో 2, మధ్య తరహా లేదా పెద్ద సంస్థలో 5 మందిని తాకితే ఈ పేరు వస్తుంది. 50 మంది లోపు ఉంటే చిన్న సంస్థ. అంతకంటే తక్కువమంది అయితే "ఎష్తింసావ్ దు పోష్తు ద త్రబాల్యు", అంటే ఆ ఉద్యోగ స్థానమే రద్దవడం. ఇంగ్లీషులో రెండింటికీ రిడండెన్సీ అనేస్తారు గానీ పోర్చుగీసులో దారులు వేరు, కాగితాలు వేరు.

ముందస్తు నోటీసు రోజులు కూడా సర్వీసును బట్టి మారతాయి: ఏడాది లోపు 15, 1 నుంచి 5 ఏళ్ళ లోపు 30, 5 నుంచి 10 లోపు 60, 10 దాటితే 75. మూలంలో ఉత్త "నోటీస్" అని ఉంటే మీరు రోజులు చేర్చకండి. కానీ "నొతీసియా" అని మాత్రం రాయొద్దు, అది వార్త. "అవీజు ప్రెవియు" అనాలి.

ఉపశీర్షిక
దెమిసావ్ గురించి ఎవరూ చెప్పలేదు. అసలు ప్రమాదం అక్కడుంది. బ్రెజిల్‌లో అది తీసేయడానికీ వాడతారు, మానేయడానికీ వాడతారు. "ఫోయి దెమితీదు" అంటే వాణ్ణి తీసేశారు. "పెదియు దెమిసావ్" అంటే తనే రాజీనామా ఇచ్చాడు. పెదిర్ అంటే అడగడం. "అతను తొలగింపు అడిగాడు" అని ఇంగ్లీషులో, తెలుగులో మాటకు మాట పెట్టిన ఉపశీర్షికలు బోలెడు. ఉత్త రాజీనామా అది.

తేజో_తీరం
పోర్చుగల్‌లో దెమిసావ్ వింటే ముందుగా తట్టేది రాజీనామాయే. "ఉ మినిష్త్రు దెమితియు-స" అంటే మంత్రి రాజీనామా చేశాడు. ఆ చివరి "స" జారిపోయి, కర్త స్థానంలో ప్రధాని ఉంటే మంత్రిని ప్రధాని తీసేశాడని అవుతుంది. చిన్న అక్షరం, పెద్ద తేడా. ప్రైవేటు సంస్థ ఉద్యోగిని తీసేయడానికి అక్కడ దెస్పెదిర్ అన్న క్రియే సహజం.

వ్యాకరణప్రియ
"దెమిసియొనారియు" అనే విశేషణాన్ని కూడా గమనించండి. ఉద్వాసనకు గురైనవాడు అనిపిస్తుంది చూస్తే. కాదు. రాజీనామా ఇచ్చి ఇంకా పదవి వదలనివాడు.

కొత్తపాఠం
మరి దెస్పెదీదా అంటే వీడ్కోలు కదా? పాఠ్యపుస్తకంలో వీడ్కోలు విందుకు ఆ మాటే ఉంది. వ్యాపార పత్రంలో రాకూడదేమో?

పౌలిస్తా_పదం
వస్తుంది. బ్రెజిల్ 1988 రాజ్యాంగం 7వ అధికరణంలోనే "దెస్పెదీదా అర్బిత్రారియా ఊ సెం జుస్తా కావుజా" అని ఉంది, నిరంకుశ తొలగింపు లేదా న్యాయ కారణం లేని తొలగింపు అని. న్యాయస్థానాల తీర్పుల్లో దెస్పెదీదా మామూలు మాట. వీడ్కోలు అన్న అర్థం ఇంట్లో, తొలగింపు అన్న అర్థం కోర్టులో. మన "ఉద్వాసన" కూడా పూజ ముగిశాక దేవుణ్ణి సాగనంపే మాట కాదా? దాన్ని పట్టుకొచ్చి ఉద్యోగానికి అంటించాం.

అచ్చుతప్పు
ఉద్వాసన పోలిక బాగుంది. రెండు భాషలూ సాగనంపే మాటనే ఎంచుకున్నాయి.

నోటీసు_పీరియడ్
"సెం జుస్తా కావుజా" దగ్గర ఒక హెచ్చరిక. దీన్ని ఇంగ్లీషులోకి మాటకు మాట "వితౌట్ జస్ట్ కాజ్" అని మారుస్తారు. అమెరికా వకీలు అది చదివి కంగారుపడతాడు, అన్యాయంగా తీసేశామని సంస్థే ఒప్పుకున్నట్టు ఉంటుంది కాబట్టి. బ్రెజిల్‌లో అది పూర్తిగా చట్టబద్ధమైన మామూలు తొలగింపు. ఉద్యోగి తప్పేమీ లేదని మాత్రమే అర్థం. ఇంగ్లీషులో "టెర్మినేషన్ వితౌట్ కాజ్" అనండి, "జస్ట్" తీసేయండి. బ్రిటిష్ పాఠకులకైతే "డిస్మిసల్ విత్ నోటీస్" అని వివరించి చెప్పడం మేలు.

పౌలిస్తా_పదం
పూర్తిగా ఒప్పుకుంటాను. బ్రెజిల్‌లో ఈ పేరును బట్టే డబ్బు మారుతుంది, అందుకే ఇక్కడ పొరపాటు ఖరీదైనది. లెక్క వేసి చూపిస్తాను.

నెలకు 5,000 రియాయిస్ జీతం, 3 ఏళ్ళు పూర్తయిన ఉద్యోగి అనుకోండి. యజమాని నెలనెలా జీతంలో 8 శాతం ఉద్యోగి పేరిట ఉండే ఎఫ్‌జీటీఎస్ అనే ఖాతాలో వేయాలి, జీతంలోంచి కోయకుండా తన చేతి నుంచి. అంటే నెలకు 400. 36 నెలలకు 14,400. వడ్డీ, 13వ జీతం (ఏటా అదనంగా ఇచ్చే నెల జీతం) మీద జమయ్యేది పక్కన పెడుతున్నాను.

సెం జుస్తా కావుజా అయితే: ఆ 14,400 తీసుకోవచ్చు, దాని మీద 40 శాతం జరిమానా, 5,760, యజమాని అదనంగా ఇవ్వాలి. నోటీసు 30 రోజులు, ఏడాదికి 3 చొప్పున ఇంకో 9, మొత్తం 39. ఇది ఎంత పెరిగినా 90 దాటదు, 2011 చట్టం. పనిచేసిన నెలల మేరకు 13వ జీతం, మిగిలిన సెలవుల సొమ్ము, దాని మీద మూడో వంతు అదనం. అర్హత ఉంటే నిరుద్యోగ బీమా 3 నుంచి 5 వాయిదాలు.

జుస్తా కావుజా, అంటే ఉద్యోగి తప్పు మీద తీసేస్తే: పనిచేసిన రోజుల జీతం, ఇప్పటికే హక్కు ఏర్పడిన పాత సెలవుల సొమ్ము. అంతే. జరిమానా లేదు, నోటీసు లేదు, ఖాతా అప్పుడే తీసుకునే వీలు లేదు, నిరుద్యోగ బీమా లేదు.

పెదీదు ద దెమిసావ్, తనే మానేస్తే: 13వ జీతం, సెలవుల వాటా ఉంటాయి. జరిమానా, బీమా ఉండవు. నోటీసు ఉద్యోగే ఇవ్వాలి.

ఆకోర్దు, ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడం: 2017 కార్మిక చట్ట సంస్కరణ సీఎల్‌టీలోకి తెచ్చిన 484-ఎ అధికరణం. జరిమానా సగం, 20 శాతం, పై లెక్కలో 2,880. ఖాతాలో 80 శాతం దాకా, 11,520, తీసుకోవచ్చు. పని చేయించుకోకుండా సొమ్ముగా ఇచ్చే నోటీసైతే అదీ సగం. నిరుద్యోగ బీమా రాదు.

నాలుగు పేర్లు, నాలుగు మొత్తాలు. ఇవన్నీ ఇంగ్లీషులో "టెర్మినేషన్" అని ఒకే డబ్బాలో పోస్తే చదివినవాడికి తన చేతికి ఎంత వస్తుందో తెలియదు.

కొత్తపాఠం
ఈ పోస్టు దాచుకుంటున్నా. 40 శాతం అన్నది జీతం మీద కాదు, ఖాతాలో వేసిన మొత్తం మీద, అవునా?

పౌలిస్తా_పదం
అవును, ఆ ఉద్యోగకాలంలో ఆ యజమాని వేసిన మొత్తం మీద. మధ్యలో ఇల్లు కొనడానికి ఉద్యోగి కొంత తీసుకున్నా జరిమానా లెక్కలో అది తగ్గదు. ఇది చాలామంది తప్పుగా రాసే చోటు.

గళ్ళనుడి
మరి "సెవరెన్స్"కు ఏం పెట్టాలి? అది కదా ముడి గారి రెండో వాక్యం.

పౌలిస్తా_పదం
బ్రెజిల్‌కు "వేర్బస్ రెసిజోరియస్" అంటే చట్టప్రకారం ఎలాగూ ఇవ్వాల్సినవి. సంస్థ ఇష్టపూర్వకంగా పైన ఇచ్చేదాన్ని "పకోతి ద దెస్లిగమెంతు" అంటారు. మూలంలో సెవరెన్స్ అన్నది ఈ రెండింట్లో ఏది? అది తెలియకుండా అనువదించడం కుదరదు. అమెరికాలో సెవరెన్స్ ఇవ్వమని ప్రైవేటు సంస్థలకు సాధారణంగా కేంద్ర చట్టమేదీ చెప్పదు. అందుకే అక్కడి రచయిత "ఇస్తాం" అన్నప్పుడు ఉదారతలా ధ్వనిస్తుంది. అదే వాక్యాన్ని బ్రెజిల్‌లో వేర్బస్ రెసిజోరియస్ అని మారిస్తే "చట్టం చెప్పింది ఇస్తాం" అని ప్రకటించుకున్నట్టు, అందులో చెప్పుకోవడానికేముంది అనిపిస్తుంది.

తేజో_తీరం
పోర్చుగల్‌లో ఇంకో మెలిక. చట్టబద్ధమైన తొలగింపుకు ఇచ్చేది "కొంపెన్ససావ్". తొలగింపు చెల్లదని కోర్టు తేల్చినప్పుడు ఉద్యోగి తిరిగి పనిలోకి వెళ్ళకుండా తీసుకునేది "ఇందెమ్నిజసావ్". పత్రికలు రెండూ కలిపేస్తాయి. సంస్థ ప్రకటనలో రెండోది రాస్తే తప్పు చేశామన్న వాసన వస్తుంది. బ్రెజిల్‌లో ఆ మాటకు మధ్యలో మకారం కూడా ఉండదు, "ఇందెనిజసావ్" అని రాస్తారు. పోర్చుగల్ ఫైల్లో ఆ రూపం దొరికితే బ్రెజిల్ ఫైల్లోంచి అతికించారని ఇట్టే తెలిసిపోతుంది.

కొంపెన్ససావ్ ఎంత అంటే, 2023 మే నుంచి గడిచిన కాలానికి ఏడాదికి 14 రోజుల మూల వేతనం, సర్వీసు భత్యాలతో కలిపి. అంతకుముందు 12. అంతకు ముందరి సంవత్సరాలకు వేరే రేట్లు, ముక్కలు ముక్కలుగా లెక్క కట్టాలి. రోజు విలువ నెలజీతంలో ముప్పయ్యో వంతు. 1,500 యూరోలైతే రోజుకు 50, కొత్త కాలానికి ఏడాదికి 700.

ఇంకో విషయం, ఇది ఉద్యోగులకు వెళ్ళే లేఖల్లో తప్పక స్పష్టంగా ఉండాలి: కొంపెన్ససావ్ పూర్తిగా తీసుకుని ఉంచుకుంటే తొలగింపును ఒప్పుకున్నట్టు చట్టం అనుకుంటుంది. సవాలు చేయాలనుకుంటే ఆ సొమ్ము వెనక్కి ఇచ్చేయాలి.

నోటీసు_పీరియడ్
ఇంగ్లీషు "కాంపెన్సేషన్"తో దాన్ని కలపకండి. అమెరికా సిబ్బంది విభాగం భాషలో కాంపెన్సేషన్ అంటే జీతభత్యాలే. "కాంపెన్సేషన్ ప్యాకేజీ"ని కొంపెన్ససావ్ అని మారిస్తే, కొత్తగా చేరే మనిషికి చేరకముందే ఉద్వాసన సొమ్ము చూపించినట్టవుతుంది. అక్కడ "రెమునెరసావ్" రావాలి.

వ్యాకరణప్రియ
ఇలాంటి జంటలు ఇంకొన్ని. "అట్రిషన్": మానేసినవాళ్ళ స్థానాలు నింపకుండా సిబ్బందిని తగ్గించడం. పోర్చుగీసు "అత్రీతు" అంటే రాపిడి, గొడవ. "రెదుసావ్ పోర్ అత్రీతు" అని రాస్తే కొట్టుకుని వెళ్ళిపోయారనుకుంటారు. "నావ్ రెపొజిసావ్ ద వాగస్", ఖాళీలు నింపకపోవడం, అని విప్పి రాయాలి. "రిడండెంట్": పోర్చుగీసు "రెదుందాంతి" అంటే చెప్పిందే చెప్పడం. మనిషికి వాడితే అవమానం.

అచ్చుతప్పు
ఇంగ్లీషులో మాత్రం "మేడ్ రిడండెంట్" అవమానం కాదా?

నోటీసు_పీరియడ్
నొప్పి ఉంటుంది, కానీ చట్టం దృష్టిలో అనవసరమైంది ఉద్యోగ స్థానం, మనిషి కాదు. బ్రిటన్‌లో 1965 నుంచే దీనికి చట్టం ఉంది. అందుకే ఒక మనిషిని రిడండెంట్ అని పంపి మర్నాడు అదే పనికి ఇంకొకర్ని తీసుకుంటే ఆ పేరు చెల్లడం కష్టం. అక్కడ వరస ఇలా ఉంటుంది: ముందు "ఎట్ రిస్క్" లేఖ, తర్వాత సంప్రదింపులు, ఆ తర్వాతే నోటీసు. ఒకే చోట 90 రోజుల్లో 20 నుంచి 99 మందిని తీసేయాలనుకుంటే మొదటి తొలగింపుకు కనీసం 30 రోజుల ముందు, 100 లేదా అంతకు మించితే 45 రోజుల ముందు సంప్రదింపులు మొదలవ్వాలి. "ఎట్ రిస్క్" లేఖను "మిమ్మల్ని తొలగించాం" అని అనువదిస్తే సంప్రదింపుల ముందే నిర్ణయం అయిపోయిందనడానికి ఆ కాగితమే సాక్ష్యంగా నిలబడుతుంది. "మీ ఉద్యోగంపై ప్రభావం పడే అవకాశం ఉంది" అని మాత్రమే రావాలి.

చట్టపు సొమ్ము 2 ఏళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకే. 22 ఏళ్ళ లోపు వయసులో చేసిన ఏడాదికి అర వారం జీతం, 22 నుంచి 40 వరకు ఒక వారం, 41 నుంచి ఒకటిన్నర. 20 ఏళ్ళకు మించి లెక్కించరు. వారం జీతానికి పరిమితి ఉంది, అది ఏటా మారుతుంది.

ఉపశీర్షిక
నా పని నాటకీయ సంభాషణలు, అక్కడ ఈ అధికార పదాలు నోట పట్టవు. బ్రెజిల్ వాళ్ళు మాట్లాడేటప్పుడు "మందారం ఎంబోరా", పంపించేశారు అంటారు. మన "ఇంటికి పంపేశారు"కు అచ్చంగా సరిపోతుంది. "ఓల్యు ద రువా" అని ఇంకోటి, వీధి కన్ను. వీధిన పడేశారు అనొచ్చు. ఇంగ్లీషులో "పింక్ స్లిప్" అనేదానికి బ్రెజిల్‌లో "బిల్యేతి అజూల్" ఉంది, నీలి చీటీ. గులాబీ చీటీ అట్లాంటిక్ దాటి నీలం అయింది! ఇది కొంచెం పాతకాలపు మాట, యువ పాత్రల నోట పెట్టొద్దు.

గళ్ళనుడి
గళ్ళనుడికట్టుకు ఈ రంగుల జంట బాగా పనికొస్తుంది, పట్టుకెళ్తున్నా.

పౌలిస్తా_పదం
పత్రికా కార్యాలయాల మాట ఒకటుంది: "పస్సరాల్యు". విలేఖరులను మూకుమ్మడిగా తీసేయడం. పక్షి అనే మాటకు బూతుమాట కలిపి అల్లిందని చెబుతారు. గద్దలా వచ్చి తన్నుకుపోయింది అన్న ఊహ. సంభాషణలో భేషుగ్గా ఉంటుంది, సంస్థ ప్రకటనలో పొరపాటున కూడా రాకూడదు.

కొత్తపాఠం
"ఎన్షుగార్ ఉ క్వాద్రు" అని ఒక వార్తలో చూశాను. బొమ్మను తుడిచారు అని అర్థం చేసుకున్నాను, పొంతన కుదరలేదు.

పౌలిస్తా_పదం
క్వాద్రు అంటే బొమ్మ, బోర్డు, అలాగే సిబ్బంది మొత్తం. ఎన్షుగార్ అంటే తడి తుడవడం, పిండడం. సిబ్బందిని కుదించారు అని భావం. ఇంగ్లీషు డౌన్‌సైజింగ్‌కు బ్రెజిల్ పత్రికలు "ఎన్షుగమెంతు" వాడతాయి. డౌన్‌సైజింగ్ కూడా మనుషుల కోసం పుట్టిన మాట కాదు, 1970లలో అమెరికాలో కార్ల సైజు తగ్గించడానికి వాడారు.

అచ్చుతప్పు
దెస్లిగమెంతు అనేదాన్ని మాత్రం నేను ఎప్పుడూ కొట్టేస్తాను. దెస్లిగార్ అంటే స్విచ్ ఆపేయడం. మనిషిని దీపంలా ఆర్పేసి, ఎవరు తీసేశారో చెప్పకుండా తప్పించుకునే మాట. కొలబొరదోర్ కూడా అంతే. ఉద్యోగిని సహకారి అని పిలిచి, పంపేటప్పుడు మాత్రం సహకారం అడగరు.

పౌలిస్తా_పదం
కొలబొరదోర్ విషయంలో మీతోనే ఉన్నాను. చట్టంలో ఉన్నది "ఎంప్రెగాదు", పోర్చుగల్‌లో "త్రబల్యదోర్". దెస్లిగమెంతు మాత్రం ఉత్త పైపూత కాదు. బ్రెజిల్‌లో యజమానులు ప్రభుత్వానికి వివరాలు పంపే ఈసోషల్ వ్యవస్థలో ఉద్యోగ ముగింపు నమోదు పేరే దెస్లిగమెంతు, ఎస్-2299. రాజీనామా, తొలగింపు, మరణం, అన్నీ ఆ ఒక్క పేరు కింద నమోదై లోపల కారణం కోడ్ వేరుగా ఉంటుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరల మీద, ఫారాల్లో అదే సరైన మాట. ప్రకటనలో మీరన్నట్టు దాక్కునే మాట. చోటు చూసి తీర్పు చెప్పాలి.

అచ్చుతప్పు
ఫారంలో అయితే సరే. ప్రకటనలో ఇకముందూ కొట్టేస్తాను.

నోటీసు_పీరియడ్
రెసిజావ్ మిగిలింది. అది ఒప్పందం రద్దు. ఎవరు రద్దు చేశారన్నది ఆ మాటలో ఉండదు. ఇంగ్లీషులో "టెర్మినేషన్ ఆఫ్ కాంట్రాక్ట్". కానీ "రెసిజావ్ ఇందిరేతా" కనిపిస్తే ఆగండి. పరోక్ష రద్దు అని మార్చేస్తారు, ఎవరికీ అర్థం కాదు. యజమాని జీతం ఎగ్గొట్టడం, వేధించడం లాంటివి చేస్తే సీఎల్‌టీ 483వ అధికరణం కింద ఉద్యోగి కోర్టుకెళ్ళి, తనను తీసేసినట్టే లెక్కించమని అడగడం. ఇంగ్లీషులో దానికి "కన్‌స్ట్రక్టివ్ డిస్మిసల్" అని ఉంది.

తేజో_తీరం
ప్రభుత్వోద్యోగం వస్తే మళ్ళీ అంతా తిరగబడుతుంది. బ్రెజిల్ కేంద్ర ఉద్యోగుల 1990 చట్టంలో దెమిసావ్ శిక్ష. "ఎజొనెరసావ్" శిక్ష కాదు, రాజీనామా ఇచ్చినా, పైవాళ్ళ ఇష్టం మీద నియమించే పదవి నుంచి తప్పించినా అదే మాట. ఇంగ్లీషు "ఎగ్జోనరేషన్" అంటే నిర్దోషి అని తేల్చడం. అక్కడ కాలు జారనివాళ్ళు తక్కువ.

మూడుభాషల_ముడి
మూలం రాసినవాళ్ళను అడిగాను. జవాబు: అందరికీ శాశ్వతమే, చట్టం చెప్పిన దానికి పైన 2 నెలల జీతం ఇస్తారు, బ్రెజిల్‌లో ముందు పీడీవీ పెడతారట. పీడీవీ అంటే "ప్రొగ్రామా ద దెమిసావ్ వొలుంతారియా", స్వచ్ఛందంగా వెళ్ళిపోయే పథకం, అని తెలుసు. ప్రకటన ఇంగ్లీషు సారాంశంలో "వాలంటరీ రెసిగ్నేషన్ ప్రోగ్రామ్" అని రాశారు, అలా ఉంచనా?

పౌలిస్తా_పదం
ఉంచకండి. రెసిగ్నేషన్ అంటే అదనపు సొమ్మేమీ లేకుండా తనే మానేయడం. పీడీవీలో సొమ్ము ఇచ్చి వెళ్ళమని అడుగుతారు. బ్రిటన్ పాఠకులకు "వాలంటరీ రిడండెన్సీ", అమెరికా వాళ్ళకు "వాలంటరీ సెపరేషన్ ప్రోగ్రామ్" లేదా "బైఅవుట్". ఉద్యోగులకు ఇచ్చే పత్రంలో ఒక వాక్యం జాగ్రత్తగా చూసుకోండి. సీఎల్‌టీ 477-బి అధికరణం ప్రకారం సామూహిక ఒడంబడికలో పెట్టిన పీడీవీలో చేరితే, వేరుగా రాసుకోకపోతే, ఆ ఉద్యోగానికి సంబంధించిన హక్కులన్నీ తీరిపోయినట్టే. అనువాదంలో అది మసకబారితే ఉద్యోగి తెలియకుండా సంతకం పెడతాడు.

82 మందిని తీసేయడం ఇంకో సంగతి. సామూహిక తొలగింపుకు సంఘం అనుమతి అక్కర్లేదని 2017 సంస్కరణ రాసింది. అయితే 2022లో సుప్రీం కోర్టు, 2009లో ఎంబ్రాయర్ విమాన సంస్థ 4,000 మందికి పైగా తీసేసిన కేసులో, ముందుగా సంఘాన్ని భాగం చేయడం తప్పనిసరి అని తేల్చింది. అనుమతి వేరు, సంప్రదించడం వేరు. కాబట్టి "సంఘంతో మాట్లాడాం" అన్న వాక్యం మూలంలో ఉంటే "సంఘం ఒప్పుకుంది" అని జారనివ్వకండి.

నోటీసు_పీరియడ్
మీ ఇంగ్లీషు సారాంశంలో "లాస్ట్ డే" అని తేదీ ఉందా? బ్రెజిల్‌లో రెండు తేదీలుంటాయి. ఆఖరిగా పనిచేసిన రోజు ఒకటి. నోటీసుకు బదులు సొమ్ము ఇచ్చినా ఆ రోజులు కలిపి చూపే తేదీ ఇంకోటి, కార్మిక పుస్తకంలో రాసేది ఇదే. పౌలిస్తా గారి 39 రోజుల ఉదాహరణలో ఆ రెండు తేదీల మధ్య అయిదు వారాలకు పైనే తేడా వస్తుంది.

మూడుభాషల_ముడి
ఉంది, ఒకే తేదీ. అడిగి రెండూ వేయిస్తాను. ఇప్పుడు ఇలా మార్చాను, చూడండి.
పోర్చుగల్: "ఆ ఎంప్రేజా వాయ్ ప్రొసెదేర్ అవు దెస్పెదిమెంతు కొలెతీవు ద 38 త్రబల్యదోరెస్." (సంస్థ 38 మందిని సామూహికంగా తొలగించబోతోంది.)
బ్రెజిల్: "ఆ ఎంప్రేజా వాయ్ దెమితిర్ 82 ఎంప్రెగాదుస్, సెం జుస్తా కావుజా." (సంస్థ 82 మందిని, వాళ్ళ తప్పేమీ లేకుండా, తొలగించబోతోంది.)
రెండో వాక్యంలో చట్టప్రకారం రావాల్సినవి, వాటికి అదనంగా 2 నెలల జీతం అని విడివిడిగా రాశాను.

తేజో_తీరం
పోర్చుగల్ వాక్యంలో ఒక సర్దుబాటు. సంప్రదింపులు ఇంకా మొదలవ్వలేదంటే "వాయ్ ప్రొసెదేర్" తొందరపాటు. "ప్రెతెందె ప్రొసెదేర్", చేయాలని ఉద్దేశిస్తోంది, అనండి. చట్టం మొదట పంపమనేది ఆ ఉద్దేశాన్ని తెలిపే లేఖనే.

పౌలిస్తా_పదం
బ్రెజిల్ వాక్యంలో 82 అనే సంఖ్య పీడీవీకి ముందా, తర్వాతా? ముందైతే అందులో కొంతమంది తమంతట తాము వెళ్ళేవాళ్ళే, వాళ్ళకు సెం జుస్తా కావుజా వర్తించదు. "82 స్థానాలు తగ్గిస్తుంది, మొదట పీడీవీ ద్వారా" అని మొదలుపెట్టి, మిగిలినవాళ్ళకే దెమితిర్ వాడండి.

మూడుభాషల_ముడి
పీడీవీకి ముందు లెక్కే. మార్చి మళ్ళీ పెడతాను.